బెంచీ మీద తెలుగువాడు

2006 జూన్ 13, జర్మనీలోని స్టుట్‌గార్ట్. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ జట్లు ఒక్క గోలు లేకుండా ఆటను చివరిదాకా ఈడ్చుకొచ్చాయి. ఇక అయిపోతోందనగా ఫ్రాన్స్ కోచ్ రేమోన్ దొమెనెక్ బెంచీ మీద నుంచి ఒక పొట్టి మనిషిని లేపి లోపలికి పంపాడు. ఎత్తు 1.68 మీటర్లు, వయసు 32. వచ్చిన కాసేపటికే దూరం నుంచి ఒక షాట్ కొట్టాడు. బంతి స్తంభం పక్క నుంచి బయటికి పోయింది. ఐదు రోజుల తర్వాత లైప్‌జిగ్‌లో దక్షిణ కొరియాతో ఆటలోనూ అదే వరస, ఆఖర్న కాసిని నిమిషాలు. రెండూ కలిపినా పావుగంట లేదు. భారత సంతతి మనిషి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో ఆడటం అదే మొదలంటారు. ఆయన పేరు వికాష్ ధొరాసూ. పూర్వీకులు ఆంధ్ర దేశం నుంచి మారిషస్ దీవికి పోయిన తెలుగువాళ్ళు.

నేను పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల హైస్కూళ్ళలో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన వాణ్ణి. పీఈటీ అని ప్రభుత్వం అంటుంది, డ్రిల్ సారని పిల్లలంటారు. మా పక్క ఫుట్‌బాల్ నిలవడం కష్టం. కబడ్డీకి గీత గీస్తే చాలు, వాలీబాల్‌కు రెండు గుంజలు పాతితే చాలు. ఫుట్‌బాల్‌కు పెద్ద మైదానం కావాలి, ఆ మైదానంలో సర్కారు తుమ్మ ముళ్ళు లేకుండా ఉండాలి. ఏడాదికి ఒక బంతి కొంటాం. జూలైలో ముల్లు దిగిందంటే ఆ ఏటికి ఆట అయిపోయినట్టే. అయినా ప్రపంచ కప్పు వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు అడుగుతాడు: "సార్, మనోళ్ళు ఎవురన్నా ఆడినారా?"

ఈ ప్రశ్నకు నేను మొదట్లో హైదరాబాదు కథ చెప్పేవాణ్ణి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు కోచ్‌గా పోయి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు, మరుసటి ఏడు క్యాన్సర్‌తో పోయాడు. ప్రపంచ కప్పు మాట వేరు. 1950లో బ్రెజిల్‌కు పోయే అవకాశం మనకు చేతిదాకా వచ్చింది, మనవాళ్ళు పోలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వరని మానుకున్నారనే కథ ఇప్పటికీ తిరుగుతోంది గానీ నాకు నమ్మబుద్ధి కాదు. ఒలింపిక్స్ ఉండగా ప్రపంచ కప్పు ఎందుకనే నిర్లక్ష్యమే అసలు కారణం. ఆ బూట్లు లేని కాళ్ళతోనే మనవాళ్ళు 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌కు చుక్కలు చూపించారు. రెండు పెనాల్టీలు చేజార్చుకోకపోతే ఆ ఆట 2-1తో ఓడేవాళ్ళు కాదు.

అదే ఫ్రాన్స్‌కు ఒక తెలుగు కుటుంబం బిడ్డ ఆడాడని చెబితే వెనక బెంచీ పిల్లోడు టక్కున అనేవాడు: "అయితే ఆయప్ప ఇండియాకు ఆడలేదు గదా సార్?" నిజమే, ఆడలేదు. ఎందుకు ఆడలేదో చెప్పాలంటే ఫుట్‌బాల్ పక్కన పెట్టి చక్కెర దగ్గరికి పోవాలి.

మారిషస్ 1810 దాకా ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని గెలుచుకున్నా భాష, ఆచారం, తోటల యజమానులు అన్నీ ఫ్రెంచివే ఉండిపోయాయి. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు మాత్రం చట్టం మారిందని ఆగదు, కోతకొస్తే కొట్టాల్సిందే. బానిసలు తోటలు వదిలిపోతారని ముందే పసిగట్టిన యజమానులు మన దేశం మీద కన్నేశారు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ రేవుకు చేరింది. అది మొదలు 1920ల దాకా నాలుగున్నర లక్షల మంది ఆ రేవులో దిగారు. బానిస లేచిన చోట కూలీని కూర్చోబెట్టారు. చరిత్ర పుస్తకాలు దీన్ని మహా ప్రయోగమని రాస్తాయి. ఎవరి మీద ప్రయోగమో అడిగితే జవాబు మన తాతల మీద.

ఒప్పందం ఐదేళ్ళది. మగవాడికి నెలకు 5 రూపాయలు, బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. కాగితం మీద బాగానే ఉంది. తోటలోకి పోయాక తెలిసేది అసలు లెక్క. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్ళు. జ్వరమొచ్చి నెలలో పది రోజులు పడుకున్నవాడు ఇరవై రోజుల జీతం పోగొట్టుకున్నట్టు. ప్రతి మనిషికీ ఒక నంబరు. 1860ల నుంచి ఫోటో అంటించిన పాస్ కూడా. అది జేబులో లేకుండా రోడ్డు మీద దొరికితే దేశదిమ్మరి కింద జైలు.

తెలుగువాళ్ళు ఎక్కువగా ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి పోయారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి పోయినవాళ్ళ మూలంగా మారిషస్‌లో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. 1839 నవంబర్ తుఫానులో ఆ రేవు ఊడ్చిపెట్టుకు పోయింది గానీ పేరు దీవిలో మిగిలింది. వాళ్ళు అక్కడికి తీసుకుపోయిన సామాను తక్కువ, దేవుళ్ళు ఎక్కువ. సింహాద్రి అప్పన్న పూజ, రామ భజన, అమ్మోరు పండగ ఇప్పటికీ చేస్తారు. ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దీవిలోనే.

మా పక్క సంగతీ చెప్పాలి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. అంతకు ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీను, కుప్పం ఉన్న కంగుంది జమీను నార్త్ ఆర్కాటు జిల్లాలోవి. మద్రాసు రేవు నుంచి పోయిన కూలి ఓడల పట్టీల్లో జిల్లా అని రాసే గడిలో నార్త్ ఆర్కాటు పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ముఖ్యంగా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పోయినవాళ్ళ పట్టీల్లో. ఆ దారిలో మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబర్‌లో మద్రాసులో బయల్దేరి నవంబర్ 16న డర్బన్ చేరింది.

1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు రైలు పడింది. కుప్పం ఆ దారిలోనే ఉంది. అప్పటిదాకా మద్రాసుకు పోవాలంటే బండి కట్టుకోవాలి, దారి బత్తెం కట్టుకోవాలి. రైలొచ్చాక కూలీలను పోగుచేసే మేస్త్రీ చేతిలో టిక్కెట్టు ఉంటే చాలు. పన్నెండేళ్ళకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా రాయలసీమ, ఆర్కాటు పల్లెలు ఆకలితో ఖాళీ అయ్యాయి. గంజి కేంద్రంలో నిలబడటమా, ఓడెక్కే కూలీల డిపోలో పేరు రాయించుకోవడమా అన్నది ఆనాటి మనిషి ముందున్న ప్రశ్న.

మా ఇంట్లో మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టేటప్పుడు మా అవ్వ చివర్న ఒక విస్తరి వేరుగా వేసేది. ఆ విస్తరికి పేరు లేదు. "సముద్రం దాటిపోయినోనికి" అనేది. ఆమె పుట్టింటివాళ్ళ తరంలో ఎవరో మద్రాసుకు పోయి ఓడెక్కాడు, మళ్ళీ కబురు లేదు. బతికున్నాడో లేడో తెలియక చాలా ఏళ్ళు పెట్టలేదట. ఇక బతికుండే వయసు దాటిందని పెద్దలు లెక్క కట్టుకున్నాక మొదలుపెట్టారు. వంకాయ కూర, అలసంద వడ, ఓ ముద్ద అన్నం. మా నాయన ఆ విస్తరి ముందు దండం పెట్టడానికి ఎప్పుడూ కొంచెం తటపటాయించేవాడు, ఎవరికి పెడుతున్నట్టో తెలియక. ధొరాసూ పూర్వీకులు మా జిల్లావాళ్ళని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. అలాంటి గొప్పలు మనవాళ్ళు ఎవరికి అంతరిక్షంలో చోటు దొరికినా, ఎవరికి పదవి వచ్చినా మొదలుపెడతారు. ఆ విస్తరి వేసిన ఇళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో వేలల్లో ఉండేవని మాత్రం చెబుతున్నాను.

మారిషస్ దీవిలో కూలీల గోడు మొదట గట్టిగా రాసినవాడు జర్మన్ మూలాలున్న మనిషి కావడం ఒక విచిత్రం. అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ తండ్రి ప్రష్యా దేశస్థుడు. మామగారి చెరకు తోట చూసుకుంటూ కూలీల బాధలు కళ్ళారా చూశాడు. 1871లో రాజరత్నం మొదలియార్ అనే ఆయన సాయంతో 9,401 మంది కూలీల సంతకాలతో గవర్నర్‌కు అర్జీ పెట్టాడు. తోటల యజమానులు ఆయన్ను రోడ్డు మీద కొట్టారు, దేశం నుంచి వెళ్ళగొట్టమని గోల చేశారు. కానీ లండన్ నుంచి రాయల్ కమిషన్ రాక తప్పలేదు. ప్లెవిట్జ్ ఆ తర్వాత దీవి వదిలి వెళ్ళిపోయాడు.

1968 మార్చి 12న మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. దీవి చిన్నది, పనులు తక్కువ. ఫ్రెంచి వచ్చినవాళ్ళు ఫ్రాన్స్ దారి పట్టారు. కూలి కోసం మళ్ళీ ఓడెక్కడమే, ఈసారి ఒప్పందం లేకుండా. అలా పోయిన ఒక జంటకు 1973 అక్టోబర్ 10న లెహావ్ర్ రేవు పక్కన హార్‌ఫ్లర్‌లో వికాష్ పుట్టాడు. లెహావ్ర్ మామూలు ఊరు కాదు. ఇంగ్లీషు ఓడలు ఆగే రేవు కాబట్టి ఫ్రాన్స్‌లోకి ఫుట్‌బాల్ దిగిన ఊళ్ళలో అదొకటి. లెహావ్ర్ క్లబ్బు 1872 నాటిది, ఆ దేశంలో అన్నిటికన్నా పాతది. చిన్నపిల్లలకు ఆట నేర్పడంలో దానికి మంచి పేరు. కూలివాళ్ళ వాడలో పెరిగిన పొట్టి పిల్లాడికి అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఆయన ఆటగాడి జీవితం గబగబా చెప్పేస్తాను, వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. 1993 నుంచి ఐదేళ్ళు లెహావ్ర్, తర్వాత లియోన్, మధ్యలో ఏడాది బోర్డో. లియోన్ జట్టులో రెండుసార్లు ఫ్రాన్స్ లీగు గెలిచాడు. 2004లో ఇటలీలోని మిలాన్ జట్టు పిలిచింది. అక్కడ పిర్లో, సీడోర్ఫ్, కాకా లాంటివాళ్ళు ఉండగా మధ్య వరసలో చోటెక్కడిది? 2005 మే నెలలో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్ చేతిలో మిలాన్ ఓడిన ఆ మరిచిపోలేని ఫైనల్ రాత్రి కూడా ఆయన బెంచీ మీదే ఉన్నాడు. ఆ ఏడే పారిస్ సాంజర్మాన్‌కు వచ్చాడు. 2006 ఏప్రిల్‌లో ఫ్రెంచి కప్పు ఫైనల్లో మార్సెయ్ మీద దూరం నుంచి కొట్టిన గోలుతో జట్టును 2-1తో గెలిపించాడు. దేశం తరఫున 18 ఆటలు, ఒక గోలు. ఆ గోలు 2005 అక్టోబర్‌లో సైప్రస్ మీద, ఫ్రాన్స్‌కు ప్రపంచ కప్పు బెర్తు ఖాయమైన ఆటలో.

ఇక జర్మనీ. జిదాన్, మకెలెలె, తురాం లాంటి పెద్దలు రిటైర్మెంటు మానుకుని తిరిగొచ్చారు. ధొరాసూకు జట్టులో చోటు దొరికింది గానీ మైదానంలో దొరికింది ఆ కాసిని నిమిషాలే. బయల్దేరే ముందు ఫ్రెడ్ పూలే అనే మిత్రుడు ఆయన చేతిలో సూపర్ 8 కెమెరా పెట్టి, అక్కడ కనిపించింది తీసుకురమ్మన్నాడు. ఆ కెమెరాలో ఒక చుట్ట సుమారు మూడు నిమిషాలే నడుస్తుంది. ఫ్రాన్స్ జట్టు బస హామెల్న్ దగ్గర ఆయెర్ట్‌సెన్ అనే చిన్న ఊళ్ళో ఒక పాత కోట హోటల్. ధొరాసూ ఆ గది కిటికీ, ఖాళీ దారులు, బస్సు అద్దం, గదిలో టీవీ, అద్దంలో తన ముఖం తీశాడు. వెనక తన గొంతు. ఇవాళ ఆడిస్తారేమో, ఇవాళా ఆడించలేదు. ఆ ముక్కలన్నీ కలిపితే సబ్‌స్టిట్యూట్ అనే సినిమా అయింది. అందులో గోల్స్, గోలు సంబరాలు వెతికేవాడికి నిరాశే. ప్రపంచ కప్పు ఫైనల్ దాకా పోయిన జట్టులో ఉండి, ఆట దాదాపు తాకకుండా నెల గడిపిన మనిషి ఒంటరితనం అది.

నేను పిల్లల్ని పోటీలకు తీసుకుపోయేటప్పుడు పన్నెండో వాడి ముఖం చూస్తుండేవాణ్ణి. ఆడేవాడు ఓడినా ఏడ్చి తేలికపడతాడు. కూర్చున్నవాడు గెలిచినా నవ్వలేడు. బస్సులో కిటికీ పక్క సీటు వాడిదే, మాట్లాడడు. ఇది ఏ కోచింగు పుస్తకంలోనూ రాయరు. ధొరాసూ రాశాడు, కెమెరాతో. అందుకే ఆయన కొట్టిన గోల్స్ కన్నా నాకు ఆ సినిమా పెద్ద పని అనిపిస్తుంది.

జూలై 9న బెర్లిన్‌లో ఫైనల్. జిదాన్ తలతో ఢీకొట్టడం, పెనాల్టీల్లో ఇటలీ గెలవడం అందరికీ గుర్తే. అదే జూలైలో యునెస్కో పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసి ఘాట్‌ను, అంటే కూలీలు దిగిన రాతి మెట్లున్న డిపోను, ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. పత్రికల్లో మొదటి వార్తకు పేజీలకు పేజీలు దొరికాయి, రెండోదానికి ఒక మూల.

పారిస్ తిరిగొచ్చాక ధొరాసూకు క్లబ్బు కోచ్ గీ లకోంబ్‌తో పొసగలేదు. ఆయన నోరు మూసుకోలేదు, పత్రికకు చెప్పుకున్నాడు. రిజర్వు జట్టులో ఆడమంటే ఆడనన్నాడు. 2006 అక్టోబర్‌లో క్లబ్బు ఆయన్ను ఉద్యోగం నుంచే తీసేసింది. పేరున్న వృత్తి ఆటగాణ్ణి అలా పంపెయ్యడం ఫ్రాన్స్ ఎరగదు. తర్వాత ఇటలీలో లివోర్నో చేరినా ఒక్క ఆటా ఆడకుండానే బయటపడ్డాడు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నేను కోచ్ మాట వినని ఆటగాణ్ణి మెచ్చుకోకూడదు. కానీ రెండు రోజుల కూలి కోసినా నోరెత్తకుండా చెరకు కొట్టిన మనుషుల వంశంలో ఒకడు, నా పని నాకివ్వమని అడిగాడు. ఆయన వైపే ఉంటాను. తర్వాత ఆయన ఆటల్లో స్వలింగ సంపర్కుల మీద చూపే చులకనకు ఎదురు నిలిచాడు, 2020లో పారిస్ నగర ఎన్నికల్లో వామపక్షం తరఫున పోటీ చేశాడు.

కూలి వెంట ఆట పోవడం ఆ ఒక్క కుటుంబం కథే కాదు. 2006 ప్రపంచ కప్పులో జర్మనీ కొట్టిన 14 గోల్స్‌లో 8 కొట్టిన క్లోజె, పొడోల్‌స్కీ ఇద్దరూ పోలండ్‌లో పుట్టి చిన్నప్పుడే జర్మనీకి వచ్చినవాళ్ళు. ఆ తర్వాత వచ్చిన మెసుట్ ఓజిల్ కుటుంబానిది టర్కీలో బొగ్గు గనుల జిల్లా జొంగుల్‌డాక్. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ కూలి ఒప్పందం చేసుకున్నాక అలాంటి కుటుంబాలెన్నో జర్మనీ దారి పట్టాయి. ఓజిల్ పుట్టిన గెల్సెన్‌కిర్షెన్ కూడా బొగ్గు ఊరే, అక్కడి షాల్కె జట్టుకు గని పనివాళ్ళ జట్టనే పేరు. 92 ఆటలు ఆడి, 2014లో ప్రపంచ కప్పు గెలిచిన ఓజిల్ 2018లో తప్పుకుంటూ, గెలిస్తే జర్మనుణ్ణి, ఓడితే వలసవాణ్ణి అన్న అర్థంలో రాశాడు.

గనులు, ఫుట్‌బాల్ అంటే కుప్పంవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కోలారు బంగారు గనులు పక్కనే. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగాక ఆర్కాటు జిల్లా పల్లెలు అటు నడిచాయి. మా జేజినాయన చాంపియన్ రీఫ్ గనిలో దిగాడు. ఆయన చెప్పినదాన్ని బట్టి షిఫ్టు దిగినాక మైసూరు మైను, ఊరిగాం, నందిదుర్గం, చాంపియన్ రీఫ్ జట్ల మధ్య ఆటంటే జాతరే. దొరలు బూట్లేసుకుని ఆడేవాళ్ళు, మనవాళ్ళు చీలమండకు గుడ్డ చుట్టుకుని ఆడేవాళ్ళు. "బూటు తగిలితే ఎముక ఇరుగుతాదబ్బోడా, తగలనిస్తే గదా" అనేవాడు. మైసూరు జట్టు 1946-47లో, 1952-53లో సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు గనుల ఊరంతా తానే గెలిచినట్టు సంబరపడిందట. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మనవైపు గుడుపల్లె మండలంలో బిసానత్తం, చిగురుగుంట గనులూ ఆగిపోయాయి. ఇప్పుడు కుప్పం, గుడుపల్లె కుర్రాళ్ళు తెల్లారకముందే రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగళూరుకు పోయి రాత్రికి వస్తున్నారు. ఆట ఆడే వయసంతా రైల్లో గడిచిపోతోంది.

చివరిగా ఒక మాట. మారిషస్ కూలీల రికార్డులు మోకా ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు అన్నీ అందులో రాసి ఉంటాయి, కొందరికి ఫోటో కూడా. కానీ ఆ ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నవి. జమీను పల్లెలు, చెరువు కింద మునిగిన పల్లెలు, పేరు మారిన పల్లెలు ఇప్పటి పటాల్లో దొరకవు. మీ ఇంట్లో ఓడెక్కినవాళ్ళ మాట చెప్పే పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఆ మనిషి పేరు, ఊరి పాత పేరు ఈ వారమే ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఊరి బడి టీచరుకు ఒక నకలు ఇవ్వండి.